స్పేర్ కంప్యూటర్‌కి కొత్త కార్డు

బట్టల మెషీన్ నీళ్ళు పిండడం మొదలుపెట్టిందంటే ఆ ఇంట్లో స్టోర్‌రూమ్ మొత్తం ఊగిపోతుంది. సబ్బు డబ్బాలు ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి, చీపురు గోడ వదిలి నాలుగడుగులు నడిచొస్తుంది. ఆ మెషీన్‌కీ పాత సూట్‌కేసుల గుట్టకీ మధ్య మిగిలిన జానెడు చోట్లో ఒక బల్ల, బల్లమీద ఒక పాత కంప్యూటర్, దాని ముందు ఆ ఇంటి పెద్దకోడలు. ఒక చేత్తో తడిబట్టలు బుట్టలోకి లాగుతూ రెండో చేత్తో ఎవరిదో వంటగది గీస్తోంది. వంటగదులకు అలమరలు చేసే వర్క్‌షాపుకి బొమ్మలు గీసి పంపడం ఆమె ఉద్యోగం. అక్కడి వడ్రంగులు ఆమెను కొలతలక్క అంటారు. ఇంట్లో ఆ పనికి పేరే లేదు. ఎవరైనా అడిగితే, "లోపల ఏదో చేసుకుంటోంది" అంటుంది అత్తగారు.

కంప్యూటర్‌కి మాత్రం పేరుంది. అది స్పేర్‌ది. హాల్లో ఉన్నది మెయిన్‌ది. మెయిన్‌దాని మీద సాయంత్రాలు మొగుడుగారు కారు పందేలు ఆడతారు. దానికి తోలు కుర్చీ, బల్లకు బిగించిన స్టీరింగు, కాళ్ళ కింద బ్రేకులు. ఆయన మలుపు తిప్పితే సోఫాలో కూర్చున్న చుట్టాలు కూడా ఒక పక్కకి ఒరిగిపోతారు. పొద్దస్తమానం జీతం తెచ్చే డబ్బా స్పేర్‌ది ఎలా అయిందో, సాయంత్రంపూట ఉత్తుత్తి కారు తోలే డబ్బా మెయిన్‌ది ఎలా అయిందో ఆ ఇంట్లో ఎవరూ ఎవర్నీ అడగలేదు.

స్పేర్‌దానికి సత్తువ తగ్గిపోయింది. గీసిన వంటగదిని ఒకసారి అటునుంచి ఇటు తిప్పమంటే, అది తిరిగేలోపల గిన్నెలు తోమి, బట్టలు మడతపెట్టి, అత్తగారికి కాళ్ళు పట్టి రావచ్చు. నిజానికి ఆమె అలాగే చేసేది. ఇక లాభం లేదని గ్రాఫిక్స్ కార్డు మార్చాలనుకుంది. అలమరకి చోటు చూసినట్టే మూత విప్పి, టేపు పెట్టి కొలిచింది. పొడుగు కార్డు పట్టదు, డిస్కుల అర అడ్డొస్తుంది. పవర్ సప్లై ముసలిది, ఎక్కువ కరెంటు తాగే కార్డుని మోయలేదు. పొట్టిగా ఉండి, వేరే వైరు అక్కర్లేకుండా, బోర్డు ఇచ్చే కరెంటుతోనే సరిపెట్టుకునేది కావాలి. పొయ్యి ముందు నిలబడి ఫోన్లో చదివి చదివి అలాంటిదొకటి పట్టుకుంది. పట్టుకున్నది ఊరుకోక, భోజనాల దగ్గర చెప్పింది. అదీ ఆమె చేసిన పొరపాటు.

"ఇవన్నీ నీకెందుకోయ్? నేను చూస్తాగా" అన్నారు మొగుడుగారు.

"వదినా, కార్డంటే గిన్నె అనుకున్నావా, సైజు చూసి కొనడానికి?" అన్నాడు మరిది. ఇద్దరూ పొలమారేదాకా నవ్వారు. మంచినీళ్ళు ఆమే అందించింది.

సెలవురోజున అన్నదమ్ములు కార్డు ఎంచడానికి కూర్చున్నారు. రాజ్యాలు పంచుకున్న రాజులు కూడా అంతసేపు చర్చించి ఉండరు. అడిగినప్పుడల్లా టీ ఇచ్చింది, అడగనప్పుడు కూడా ఇచ్చింది, కనీసం అలా వెళ్ళినప్పుడైనా ఒక మాట చెవిన పడుతుందని. ఆమె చూసిపెట్టిన కార్డు పేరు ఒక్కసారీ వినబడలేదు. చివరికి ఇంటికొచ్చిన పెట్టెలో కొత్తగా పెళ్ళైన జంట హాయిగా కాపురం పెట్టుకోవచ్చు. అందులోని కార్డు మెయిన్‌దానికి. మెయిన్‌దాంట్లోంచి ఊడదీసినది స్పేర్‌దానికి. డబ్బు వెళ్ళింది ఆమె జీతం పడే ఖాతాలోంచి.

"నీ కోసం ఎంత ఖర్చో చూశావా?" అన్నారు మొగుడుగారు.

"అదృష్టవంతురాలివి. మా ఆయన నాకొక మేకు కూడా కొనలేదు" అంది అత్తగారు.

"థాంక్స్ అయినా చెప్పవా వదినా?"

చెప్పింది. ముగ్గురి మొహాల్లోకీ చూస్తూ, నవ్వు కూడా చేర్చి చెప్పింది. ఆ తర్వాత బట్టలు ఆరేస్తూ, కూర తరుగుతూ, బస్సు కోసం నిలబడి, ఎక్కడ గుర్తొచ్చినా ఆమెకు ఒళ్ళు మండిపోయేది. దేనికి చెప్పింది తను? ఆయన కొత్త ఫోను కొనుక్కుంటే అద్దం పగిలిన పాతది నీకేనోయ్ అన్నారు, చెప్పింది. తోలు కుర్చీ వస్తే చక్రం ఊడిన పాత కుర్చీ స్టోర్‌రూమ్‌లోకి వచ్చింది, దానికీ చెప్పింది. తన జీతంతో ఆయన బొమ్మ కొనుక్కుని, మిగిలిన ఎంగిలి తన కంచంలో వడ్డిస్తే, అందరి ముందూ చేతులు కట్టుకుని దానికీ చెప్పింది. కొట్టేవాడికి ఎదురు చెప్పొచ్చు, తిట్టేవాడి నోరు మూయించొచ్చు. ఇచ్చానని నలుగురికీ చెప్పుకుంటూ లాక్కునేవాణ్ణి ఏమనాలి? దానికి మాట దొరక్క ఆమె దుప్పట్లు నూలు తెగిపోయేలా పిండింది.

కార్డు బిగించడానికి మరిది వచ్చాడు. అది పట్టలేదు. డిస్కుల అరను వంచాడు. మూత పడలేదు. "గాలాడుతుందిలే వదినా, మంచిదే" అన్నాడు. కరెంటు చాలకపోతే ఇంకో వైరు చీల్చి కలిపాడు. అప్పట్నుంచి దాని ఫ్యాను మోతకి పై అంతస్తువాళ్ళు విమానమేదో దారి తప్పిందని బాల్కనీలోకి వచ్చి ఆకాశమంతా వెతికేవారు. బొమ్మను కాస్త గట్టిగా తిప్పితే చాలు, ఠప్పుమని అంతా ఆరిపోయేది.

"నువ్వు మరీ గిరగిరా తిప్పేస్తున్నావోయ్. మెల్లగా తిప్పుకో, ఆగదు" అని మొగుడుగారు వైద్యం చెప్పారు.

ఈ పొద్దున వర్క్‌షాపు యజమానురాలు వీడియోలోకి వచ్చింది. ఆమె పక్కన ఒక బిల్డరు. అతను కడుతున్న ఫ్లాట్ల వంటగదులన్నీ వీళ్ళకే ఇవ్వాలని ఉంది. గీసిన వంటగది లోపల నడిచినట్టు తెరమీద చూపిస్తే ఖాయం చేస్తాడు. ఖాయమైతే కొలతలక్కకి వర్క్‌షాపులో ఒక గది ఇస్తానని యజమానురాలు ఎప్పుడో మాటిచ్చింది. తలుపున్న గది. పక్కన బట్టల మెషీన్ లేని గది. ఆమె ఊపిరి బిగపట్టి బొమ్మలోని తలుపు తీసింది. అలమరలు దాటింది. కిటికీ వైపు మెల్లగా, చాలా మెల్లగా తిరిగింది.

ఠప్.

కాసేపటికి యజమానురాలు ఫోన్ చేసింది. "'వంటగదులు గీసేవాళ్ళు వంటింట్లోంచే గీస్తున్నారా?' అని నవ్వాడమ్మా. సాయంత్రం ఐదింటికి మళ్ళీ చూస్తానన్నాడు. ఈసారీ ఆగిపోతే నా చేతుల్లో ఏమీ ఉండదు."

ఆమె మొగుడుగారి ఆఫీసుకి ఫోన్ చేసింది.

"ఏమండీ, ఈ ఒక్కపూట హాల్లోదాని మీద చేసుకుంటాను."

"వద్దోయ్! సెట్టింగులన్నీ మారిపోతాయి. సాయంత్రం పందెం ఉంది నాకు. మెల్లగా తిప్పుకోమన్నానా?"

"ఇది నా ఉద్యోగమండీ."

"ఏదో కాలక్షేపానికి చేస్తున్నావు కదా, దానికింత కంగారేమిటి?"

ఆమె ఫోను పెట్టేసింది. కోపమొస్తే అరవడం ఆమెకు చేతకాదు. సొరుగులోంచి స్క్రూడ్రైవరు తీసింది.

స్పేర్‌దాంట్లో ఉన్న రెండు డిస్కుల్లో తన పనంతా ఉన్నది ఊడదీసింది. హాల్లోకి వెళ్ళి మెయిన్‌దాని మూత విప్పి దాన్ని అందులో బిగించింది. పాస్‌వర్డు ఆమెకు కొత్తేమీ కాదు. ఆయన మర్చిపోయినప్పుడల్లా వంటింట్లోంచి అరిచి చెప్పేది ఆమే. అత్తగారు సోఫాలోంచి లేచి కూర్చుంది.

"వాడు ఊరుకుంటాడా?"

"ఊరుకోరు."

అత్తగారు ఇంకేదో అనబోయింది. కోడలి మొహం చూసి కాళ్ళు పైకి లాక్కుని, "ఆ వైరు తొక్కుతావు, చూసుకో" అంది.

ఐదింటికి వంటగది హాలంత వెడల్పున తెరుచుకుంది. తలుపు, అలమరలు, సింకు, సింకు పైన కిటికీ. కొలతలక్క దాన్ని మెల్లగా తిప్పింది, గిరగిరా తిప్పింది, కావాలని ఇంకోసారి తిప్పింది. ఫ్యాను దగ్గనైనా దగ్గలేదు. బిల్డరు ఈసారి నవ్వలేదు. "అన్నీ మీరే చేయండమ్మా" అన్నాడు.

కాల్ అయిపోయాక అత్తగారు తెర దగ్గరకంటా వచ్చింది.

"ఆ కిటికీ దగ్గర స్టూలెందుకు?"

"కూర్చుని తరుక్కోడానికి. నేను గీసే ప్రతి వంటింట్లో ఒకటి వేస్తాను."

అత్తగారు చాలాసేపు ఆ స్టూలునే చూసింది. "నాకెవరూ వెయ్యలేదే" అంది. ఎవరి మీదో తెలియని కోపంతో రెండోసారి అంది. "ఒక్కళ్ళూ వెయ్యలేదు." అని లోపలికెళ్ళి, ఆ కోడలు కాపురానికొచ్చాక మొదటిసారి, టీ తనే పెట్టుకుంది. కోడలికీ ఒక గ్లాసు తెచ్చి బల్లమీద ఠక్కున పెట్టింది.

టీ సగం తాగి కొలతలక్క లేచింది. బల్లకున్న స్టీరింగు విప్పింది. బ్రేకులు చంకన పెట్టుకుంది. స్టోర్‌రూమ్‌లో బట్టల మెషీన్ పక్కనున్న బల్లకి వాటిని శ్రద్ధగా, ఒక్క స్క్రూ కూడా వదలకుండా బిగించింది. పాత కంప్యూటర్‌లో ఆయన ఆట ఎక్కించింది. చక్రం ఊడిన కుర్చీని దుమ్ము దులిపి ముందు వేసింది. తిరిగొచ్చి తోలు కుర్చీలో వెనక్కి వాలి, రేపటి పని తెరిచింది.

వీధితలుపు తీసిన చప్పుడైంది. మొగుడుగారు భుజాన సంచితోనే హాల్లో నిలబడిపోయారు.

"ఏమోయ్, నా స్టీరింగేది?"

ఆమె తల తిప్పలేదు.

"స్పేర్‌దానికి బిగించాను, లోపలుంది. కారు మెల్లగా నడుపుకోండి, ఆగదు."