ముహూర్తపు గంటలో అమ్మకం

దీపావళి లక్ష్మీపూజ అయిన సాయంత్రం, శుభముహూర్తమని షేర్ మార్కెట్ ఒక్క గంట తెరుస్తారు. ఆ గంటలో మా అహ్మదాబాదు ఇంట్లో కొనడమే కానీ అమ్మడమన్నది లేదు. నేను అమ్మాలి. మర్నాడు మార్కెట్‌కు సెలవు, మర్నాడే జర్మనీలోని హాంబర్గుకు నా విమానం. అక్కడ స్థిరపడ్డాక అమ్మితే ఇన్నేళ్ల లాభం మీదా వాళ్లు పన్ను వేస్తారని మా ఆడిటరు చెప్పాడు. ఇక్కడుండగానే అమ్మితే అందులో సగం కూడా కాదు.

అవి నేను కాలేజీలో చేరిన ఏటి నుంచి ప్రతి దీపావళికీ పప్పా నా పేరున కొన్న షేర్లు. వారమంతా మార్కెట్ తెరిచే ఉంది. ధర ఇంకాస్త పెరగనీ అని రోజూ రేపటికి నెట్టాను.

పప్పా షేర్ బ్రోకరు, ఆఫీసు మా ఇంటి కిందే. కంప్యూటర్‌కు బంతిపూల దండ వేసి, తెల్ల కుర్తాలో ఎవరెవరికో కొనిపెడుతున్నాడు.

"పప్పా, నావన్నీ అమ్మేయాలి."

"వారం నుంచీ చెబుతున్నావు. అమ్మడానికి ఈ గంటే దొరికిందా?"

పప్పా అక్క, మా ఫయిబా, అప్పడాల్లా వేయించిన మఠియాల పళ్లెంతో గుమ్మంలోనే ఆగింది. "పండగ పూట లక్ష్మిని గడప దాటిస్తావా కిన్నరీ?"

"నేనూ దాటుతున్నాను కదా ఫయిబా."

"నువ్వేం లక్ష్మివే. మూడుసార్లు పిలిస్తే గానీ స్నానానికి లేవవు."

పప్పా నవ్వలేదు. "ఈ గంటలో నా చేత్తో ఎప్పుడూ అమ్మకం పెట్టలేదు. పెట్టను," అని లేచాడు. కోపమొచ్చిందనుకున్నాను. కుర్చీ నా వైపు తోశాడు. "ఖాతా నీది. కూర్చో."

కూర్చున్నాను. గంటలో చివరి నిమిషాలు. వెళ్లాక అమ్మితే ఏం, కాస్త ఎక్కువ పన్ను, అంతేగా అని లోపల ఒక గొంతు. వారం రోజులుగా దాన్ని పప్పా గొంతే అనుకున్నాను. ఆయన కుర్చీ ఇచ్చి నా వెనక నిలబడ్డాకా అది ఆగలేదు. అప్పుడు తెలిసింది, అది నాదే. ఈ షేర్లు ఇక్కడున్నంత కాలం నేను పూర్తిగా వెళ్లినట్టు కాదు. నేను దాచుకున్నది లాభాన్ని కాదు, తిరిగొచ్చే దారిని. ఆ సంగతి తెలియగానే అమ్మడానికున్న భయం పోయింది. దాని చోట ఉయ్యాల పైకంటా లేచినప్పటి గిలిగింత.

నొక్కాను. తెర మీద అంకె మారేలోపే ఎవరో కొనేశారు.

"చూశావా తొందర," అన్నాడు పప్పా. "ఎవడో ఏడాదంతా శుభమని నీవి ఎత్తుకుపోయాడు."

"వాడింటికి వెళ్లింది లక్ష్మి," అని నిట్టూర్చింది ఫయిబా.

ఒక్కొక్కటే వెళ్లిపోతుంటే నా వేళ్లు వేగం పుంజుకున్నాయి. చివరికి మొదటి ఏడాది కొన్నవి మిగిలాయి.

"అవి ఉంచుకోరాదూ," అన్నాడు పప్పా, మెల్లగా.

"దేనికి పప్పా?"

ఆలోచించాడు. "ఏమో. తెలీదు."

అవీ అమ్మేశాను. ఆయన మొహం చూడడానికి ధైర్యం చాలక తెరనే చూస్తూ కూర్చున్నాను. మార్కెట్ మూసేశారు.

పప్పా ఇంకో కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. పళ్లెంలోంచి ఒక మఠియా తుంచాడు.

"అక్కడ మార్కెట్ ఎప్పుడు తెరుస్తారు?"

"పొద్దున. మనకప్పుడు మధ్యాహ్నం."

"అయితే తొందరగా భోంచేసి కూర్చోవాలి," అన్నాడు. "ఏ కంపెనీలు మంచివో వెళ్లగానే కనుక్కో."