నీడ లేచివచ్చే తోట

పెద్దాయనకు చొక్కా తొడగడానికి ఒక క్రమం ఉంది. పక్షవాతంతో చచ్చుబడిన ఎడమచేయి ముందు వెళ్ళాలి, కుడిచేయి తరువాత. గడ్డం గీసేటప్పుడు ఎడమ చెంపను వేలితో సాగదీసి పట్టుకోవాలి. గ్లాసు కుడివైపునుంచి అందించాలి. ఎడమ పెదవి కొసన జారే నీటిచుక్కను ఎవరి కంటా పడకముందే తుడిచెయ్యాలి. ఈ విద్య అంతా పెద్దావిడకు కరతలామలకం. ఆయన జబ్బుపడిన నాటినుంచీ మరొకరి చేయి ఆయన ఒంటిమీద పడలేదు. పడనిచ్చే మనిషీ కాడు.

"నెమ్మదిగా గియ్యవోయ్! చెంప అనుకున్నావా, మాడిన గిన్నె అనుకున్నావా?"

"గిన్నె అయితే ఇన్ని మాటలు ఆడదు లెండి. తల కాస్త అటు తిప్పండి."

ఆయన తల తిప్పాడు. ఆవిడ వంగి, మళ్ళీ నిలబడబోయి, మంచం అంచు పట్టుకుని ఆగింది. ఆ ఆగడం ఆయనకు కనబడదు. తల అటువైపు తిప్పించిందే అందుకు.

ఆవిడ మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. శస్త్రచికిత్స చేయించుకోకపోతే త్వరలోనే నడక ఆగిపోతుందని డాక్టరు తేల్చి చెప్పాడు. ఆసుపత్రివారు ఆవిడకు వంతు ఇచ్చారు. రేపు ఉదయం ఔనో కాదో చెప్పాలి. ఔనంటే కొన్ని వారాలపాటు ఆవిడ మంచం దిగకూడదు. అన్నాళ్ళూ తండ్రిని చూసుకోవడానికి కూతురూ అల్లుడూ సిద్ధంగా ఉన్నారు. పెద్దాయన సిద్ధంగా లేడు. "పరాయి చేతుల్లో బొమ్మనా నేను?" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆవిడ మనసులో కాదని తేల్చేసుకుంది. కూతురు బతిమాలి, ఏడ్చి, అలిగి, చివరకు అన్నీ మాని, "సరే, రేపటి సంగతి రేపు. ఇవాళ అందరం కోట చూసొద్దాం" అంది.

కోటను చూడాలన్నది పెద్దాయన చిరకాల వాంఛ. ఆయన జీవితమంతా పరదాలు కత్తిరించి కుట్టినవాడు. రాజులు కూర్చున్న సింహాసనాలమీద ఆయనకు ఆసక్తి లేదు. వారి కిటికీలకు ఏం వేలాడేదో చూడాలి, అంతే.

ప్రాసాదద్వారంలో కావలివాడు అందరి చెప్పులకూ మెత్తని గుడ్డ తొడుగులు ఇచ్చాడు. చక్రాలకుర్చీ చక్రాలకు కూడా రెండు గుడ్డసంచులు చుట్టాడు. పాలరాతి నేలమీద చప్పుడు లేకుండా అల్లుడు తలుపులు తీస్తూ ముందు నడిచాడు. అతడు లిఫ్టులు బాగుచేసే మనిషి. ఊళ్ళో లిఫ్టులలో ఇరుక్కున్నవారినందరినీ బయటికి తెచ్చే ఆ అల్లుడు, మామగారి ఎదుట మాత్రం తానే రెండంతస్తుల నడుమ ఇరుక్కుపోయినట్లు ఉండేవాడు.

"కుర్చీ నేను తోస్తాను, అత్తయ్యగారూ."

"వద్దు బాబూ. ఆయనకు నా అడుగు అలవాటు."

దర్బారు దాటి, అద్దాల మందిరం దాటి రాణిగారి శయనాగారంలోకి వచ్చారు. అస్తమయవేళ ఆకాశపు చెంగును కోసి తెచ్చినట్లు, ఎర్రని పట్టుపరదాలు కప్పునుంచి నేలదాకా జాలువారుతున్నాయి. పెద్దాయన మెడ ఎత్తి చూసి, "ఏమోయ్, కుచ్చెళ్ళు చూశావా? గాలి వచ్చినా వరుస తప్పడం లేదు" అన్నాడు.

"చూశానండీ," అంది ఆవిడ, చక్రాలకుర్చీ పిడులమీద తన బరువంతా మోపి.

వెనుక ద్వారం తెరుచుకుంటే ఉద్యానం. మెట్లుమెట్లుగా దిగే పచ్చిక తలాలు, వాటి నడుమ రాతికాలువలలో గలగలలాడే నీరు, ఏనుగులుగా, నెమళ్ళుగా కత్తిరించిన పొదలు, కుర్చీలు దిగడానికి పక్కనే వాలుదారి. అన్నిటికంటే కింది తలంలో, ఏ రాణి నాటిందో తెలియని ఒక మహావృక్షం. మధ్యాహ్నపు ఎండ దాని మొదలుదాకా పరచుకుని ఉంది. వాలుదారిన వారు దిగి వచ్చేసరికి చెట్టుకింద నీడ లేదు.

"నీడ లేదేమిటి?" అని కూతురు అడిగింది.

"ఇప్పుడే లేచెళ్ళిందమ్మా. పై మెట్టుమీద ఓ పసిపిల్లాడి తల్లి దగ్గర ఉంది. వచ్చేస్తుంది," అంది చెట్టు పక్కన నిలబడిన స్త్రీ. చంకలో మడతకుర్చీ పెట్టుకుని నీడ వెంట తిరగడం ఆమె ఉద్యోగం. తోటలో అందరూ ఆమెను కుర్చీలావిడ అనే పిలుస్తారు. అలసినవారి దగ్గరికి నీడ వెళ్తుంది. అది ఎవరి దగ్గర ఆగితే వారికి ఆమె కుర్చీ వేస్తుంది. వారంతట వారు లేచేదాకా వారిని ఎవరూ లేపకూడదు. తోటకున్న నియమాలలో పచ్చికమీద ఉమ్మరాదన్నది మొదటిది, ఇది రెండవది.

"అయితే నాన్న దగ్గరికే వస్తుంది. కుర్చీ ఇటు తిప్పమ్మా," అంది కూతురు.

నీడ రానే వచ్చింది. చల్లని నల్లని నీటిలా మెట్లు దిగి, కాలువ దాటి, నెమలిపొదను చుట్టుకుని, గడ్డిమీద మెల్లగా పాకింది. పెద్దాయన మెడ నిటారుగా పెట్టుకుని కూర్చున్నాడు. నీడ ఆయన పాదాలదాకా వచ్చింది. కుర్చీ పక్కనుంచి తప్పుకుని వెనక్కు పోయింది. పిడులు పట్టుకుని నిలుచున్న పెద్దావిడమీద ఆగింది.

ఆవిడ గాభరాగా పక్కకు జరిగింది. నీడా జరిగింది.

"అయ్యో, నాకెందుకు? ఎండ ఆయన నెత్తిన పడుతోంది. ఆయనకివ్వు!"

"అది ఒకరు చెబితే వినదు, పిన్నిగారూ," కుర్చీలావిడ మడత విప్పింది. "కూర్చోండి."

"ఒక్క నిమిషమే. ఆయనకు మందు వేళ..."

కూర్చుంది. మాట పూర్తికాలేదు. తల వాలిపోయింది, నిద్ర పట్టేసింది.

పెద్దాయన ముఖం కందగడ్డ అయింది. "ఇదేం చోద్యం! జబ్బుమనిషిని నేనిక్కడుంటే! ఏమోయ్! ఏమోయ్, నిన్నే!"

కుర్చీలావిడ పెదవిమీద వేలు పెట్టింది. "ష్, బాబాయిగారూ. లేపకూడదు."

"మరి నన్ను తోసేదెవరు?"

అల్లుడు తన తువ్వాలును తలపాగాలా మామగారి నెత్తిన చుట్టి, పిడులు పట్టుకున్నాడు. కుర్చీ కదిలింది. పెద్దాయన మొదట, "కుదుపు! రాయి! అటు కాదు!" అన్నాడు. రెండవ తలం చేరేసరికి కుదుపులు తగ్గాయి, ఆయన కేకలూ తగ్గాయి. నెమలిపొదల వరుసలో అల్లుడు భయంభయంగా, "మామయ్యగారూ, ఈ పొదల కత్తిరింపు చూస్తుంటే మీ కుచ్చెళ్ళు గుర్తొస్తున్నాయి" అన్నాడు.

"ఊఁ," అన్నాడాయన. కాసేపటికి, "తోక దగ్గర కత్తెర తొందరపడింది" అని చేర్చాడు. మామగారు తనతో ఇంత పెద్ద మాట మునుపెన్నడూ అనలేదు.

కాలువ దగ్గర ఆగి అల్లుడు మందుబిళ్ళ ఇచ్చి, గ్లాసు అందించాడు. కుడివైపునుంచే. అత్తగారు చేసేది ఇన్నాళ్ళూ చూస్తూనే ఉన్నాడు కాబోలు. ఎడమ పెదవి కొసన చుక్క జారింది. ఎదురుగా జనం వస్తున్నారు. పెద్దాయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. చుక్క గడ్డందాకా రాకముందే ఒక మెత్తని గుడ్డ అంచు దాన్ని అందుకుంది. ఆయన కళ్ళు తెరిచేసరికి అల్లుడు ఏమీ ఎరగనట్లు కాలువలో నీరు చిమ్మే జలయంత్రాన్ని చూస్తూ, "ఇందులో పంపు ఎక్కడ పెట్టారో!" అంటున్నాడు.

పెద్దాయన కూడా నీళ్ళకేసి చూశాడు.

తిరిగి వచ్చేసరికి ఆవిడ నిద్రలోనే ఉంది. పెళ్ళైన నాటినుంచీ ఆవిడ ఆయన తరువాత పడుకుని ఆయనకంటే ముందు లేచే మనిషి; భార్య నిద్రపోగా చూడటం ఆయనకు గుర్తులేదు. ముఖం పసిపిల్ల ముఖంలా వదులైంది. చేతులు మాత్రం వదులు కాలేదు. ఒడిలో వెల్లకిలా పడిన ఆ రెండు చేతుల వేళ్ళూ సగం ముడుచుకుని, చక్రాలకుర్చీ పిడులను ఇంకా పట్టుకునే ఉన్నట్లున్నాయి.

కోట మూసేవేళ దగ్గరపడింది. కుర్చీలావిడ పైకి వెళ్ళి, గంట కొట్టవద్దని కావలివాడికి చెప్పి వచ్చింది.

"అమ్మాయ్," అన్నాడు పెద్దాయన గొంతు తగ్గించి. "రేపు ఆసుపత్రికి ఫోను కలిపి నాకివ్వు. ఔనని నేనే చెబుతాను."

"నిజంగానా నాన్నా! అమ్మ ఒప్పుకోదేమో?"

"నీడ చేత చెప్పించుకున్నాక కూడా ఒప్పుకోకపోతే ఎట్లా!" అని, అల్లుడివైపు చూడకుండానే, "నువ్వు రోజూ వస్తావుగా, నాయనా?" అన్నాడు.

"వస్తాను మామయ్యగారూ."

"గడ్డం గియ్యడం వచ్చా?"

"నా గడ్డం నేనే గీసుకుంటానండీ."

"చూస్తున్నా. అదే నా భయం."

కూతురి నవ్వుకు పెద్దావిడ మేలుకుంది. నీడ మెల్లగా లేచి చెట్టుకిందికి వెళ్ళి పడుకుంది. "అయ్యో, మీ మందు!" అంటూ ఆవిడ లేవబోయింది. "వేసుకున్నాలే. కూర్చో," అన్నాడాయన.

మర్నాడు ఫోనులో ఔనని చెప్పడం అయ్యాక, అల్లుడు మామగారి చొక్కాను కుడిచేయికి ముందు తొడిగాడు. పెద్దాయన నాలుకదాకా వచ్చిన మాటను మింగి, "ఎడమది ముందు, నాయనా" అన్నాడు.

ఋతువు మారాక నలుగురూ మళ్ళీ ఆ తోటకు వచ్చారు. పెద్దావిడ మెట్లన్నీ తన కాళ్ళతో దిగింది. నీడ చెట్టుకిందే ఉంది; ఆవిడను చూసినా లేవలేదు.

"నన్ను మరిచిపోయిందా ఏమిటి?"

"మరవలేదు పిన్నిగారూ," కుర్చీలావిడ నవ్వింది. "ఇవాళ మీకు తన అవసరం లేదు."

ఆవిడ తానే దాని దగ్గరికి నడిచి, అంచున నిలబడి చేతులు జోడించింది. వెనుకనుంచి పెద్దాయన, "నా తరఫున కూడా ఒక దండం పెట్టవోయ్" అన్నాడు.

"అది మాత్రం మీరే పెట్టుకోవాలండీ."

ఆయన కుడిచేయి ఎత్తి గుండె ఎదుటికి తెచ్చాడు. ఒంటిచేయి గాలిలో అలా ఆగిపోయింది. అల్లుడు కుర్చీ పక్కన మోకరిల్లి, మామగారి ఎడమచేతిని రెండు చేతులతో ఎత్తి, ఆ కుడిచేతికి చేర్చి, దండం పూర్తయ్యేదాకా పట్టుకున్నాడు.