దొరసాని రేపటి ఫోటో

పొద్దున్నే బట్టలు నానబెట్టే ముందు ఆ మేడలో వాళ్ళంతా చేసే పని ఒకటుంది. మెట్ల దగ్గర పడుకున్న దొరసానికి ఫోన్లో ఒక ఫోటో తీసుకోవడం. దొరసాని అంటే బూడిదరంగు పిల్లి. దానికి ఎప్పుడు ఫోటో తీసినా, మర్నాడు ఆ వేళకి అది ఎక్కడ ఉండబోతుందో అక్కడ ఉన్నట్టే పడుతుంది. ఫోటోలో అది డాబా పిట్టగోడ మీద వొళ్ళు విరుచుకుంటూ కనిపిస్తే రేపు ఎండన్నమాట, దుప్పట్లు నానబెట్టచ్చు. మెట్ల కింద సైకిళ్ళ మధ్య ముడుచుకుని కనిపిస్తే వాన.

"రేడియోవాడు చెప్పింది తప్పుతుందేమో గానీ, దొరసాని తప్పదు" అనేది పై వాటా టీచరమ్మ. అంతకు మించి ఎవరూ ఆ సంగతి పట్టించుకునేవాళ్ళు కారు. ఒక్కో పిల్లికి ఒక్కో గుణం ఉంటుంది కదా.

దొరసాని కింది వాటాలో ఉండే అత్తాకోడళ్ళది. అసలైతే వాళ్ళిద్దరి మధ్యా ఉండిన మనిషిది. అత్తకి కొడుకు, కోడలికి మొగుడు. అతను కుర్చీలో కూర్చోవడం ఆలస్యం, దొరసాని వచ్చి ఒళ్ళో పడుకునేది. ఒక సాయంత్రం అలా ఇద్దరూ కునికిపాట్లు పడుతుంటే కోడలు సరదాగా ఫోటో తీసింది. ఫోటోలో దొరసాని ఖాళీ కుర్చీలో ఉంది.

"రేపీపాటికి మీరు ఇంట్లో ఉండరట" అంది నవ్వుతూ.

"ఎక్కడికో తిరగడానికి వెళ్తానేమోలే" అన్నాడు కళ్ళు తెరవకుండానే.

వెళ్ళాడు. తిరగడానికి కాదు. పొద్దున్న పనిలోకి బయల్దేరుతూ, చెప్పుల్లో కాళ్ళు పెడుతూ గుమ్మంలోనే కూలిపోయాడు. గుండె.

అప్పట్నుంచి అత్త ఆ పిల్లి ఫోటో ఒక్కటీ చూడలేదు. ఎవరైనా దానివైపు ఫోను ఎత్తితే చాలు, పొయ్యి మీద ఏదో పెట్టినట్టు లోపలికి వెళ్ళిపోయేది. ఇరుగుపొరుగు తెచ్చిచ్చే పాత స్వెటర్లు రఫ్ఫు చేయడం ఆవిడ పని. వెలుతురు పడితే చాలు, తలలో ఓ పక్క సుత్తి పెట్టి కొట్టినట్టుండేది ఆవిడకి. అందుకని కిటికీకి పాత కంబళి కట్టి, దీపం గోడవైపు తిప్పి పెట్టుకుని కుట్టేది. ఆవిడ వేసుకునే స్వెటరుకి మాత్రం మోచేతి దగ్గర ఎర్ర అతుకు. ఆ రంగు ఊలు అయిపోయింది, తన స్వెటరే కదా అని దొరికింది వేసేసుకుంది.

కోడలు బజారు వీధిలో కర్టెన్ల దుకాణంలో కుట్టుపని చేసేది. ఇంటికొచ్చి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తినేవాళ్ళు. మాటలు తక్కువ. కోపం ఉండి కాదు. ఒకళ్ళు నోరు తెరిస్తే రెండోవాళ్ళకి గుర్తొచ్చేది ఒకటే మనిషి గనక.

ఇలా ఉండగా, నగరంలో పిల్లికైనా కుక్కకైనా లైసెన్సు ఉండి తీరాలన్నారు. మెడలో బిళ్ళ లేకపోతే బండి వచ్చి పట్టుకుపోతుంది. మేడలో వాళ్ళందరూ వెళ్ళి తెచ్చేసుకున్నారు. టీచరమ్మ కుక్క బిళ్ళ గలగలలాడించుకుంటూ మెట్లెక్కుతోంది. వీళ్ళిద్దరే ఇవాళ రేపు అంటూ నెట్టుకొచ్చారు. ఆఖరి గడువు సోమవారం అని తెలిశాక, శనివారం పొద్దున్న దొరసానిని బుట్టలో పెట్టుకుని లైసెన్సు ఆఫీసుకి బయల్దేరారు.

బల్ల వెనకాల కూర్చున్నావిడ బొటనవేలు నిండా స్టాంపు సిరా. తల ఎత్తకుండా అడిగింది.

"యజమాని పేరు?"

"మా అత్తయ్యది రాయండి" అంది కోడలు.

"నాదెందుకే? ఎంత పనున్నా నువ్వే కదా దానికి అన్నీ చూసేది. అమ్మాయి పేరు రాయమ్మా" అంది అత్త.

"నేనెక్కడ చూస్తున్నాను అత్తయ్యా, పగలంతా దుకాణంలోనే చస్తుంటే."

"ఇద్దరి పేర్లూ రాయరా?" అని అడిగింది అత్త.

"ఒక్కరే యజమాని. పిల్లి ఎవరి దగ్గర ఉంటుందో వాళ్ళ పేరు, వాళ్ళ ఇంటి చిరునామా." ఆవిడ ఇప్పుడు తలెత్తింది. "బస్సులో సీటు దగ్గర కూడా ఇంత మర్యాద చూడలేదు. బయట తేల్చుకుని రండి. ఫోటో ఏది?"

కోడలు ఫోన్లో ఉన్న ఫోటో చూపించింది. డాబా, పిట్టగోడ, వెనకాల టీచరమ్మ దుప్పట్లు.

"ఇలా కాదు. వెనక ఏమీ ఉండకూడదు, ఖాళీ గోడ కావాలి. సోమవారం తెండి. ఆ తర్వాత నేనేం చెయ్యలేను."

బయటికొచ్చి మెట్ల మీద కాసేపు నిలబడ్డారు. ఎవరి మనసులో ఉన్నది వాళ్ళు చెప్పుకుంటే అక్కడే తేలిపోయేది. అత్త భయం ఇదీ: పిల్లి తన పేరున పడితే, ఇక అమ్మాయికి ఈ ఇంటితో పనేముంది? ఎప్పుడో ఒకరోజు చేతిసంచి తగిలించుకుని వెళ్ళిపోతుంది. కోడలు ఎందుకు ఒద్దందో మాత్రం కోడలికే సరిగ్గా తెలియదు. తెలుసు గానీ, తెలుసని ఒప్పుకోదు.

ఆ సంగతేమిటంటే, ఈత మాస్టారు.

మునిసిపాలిటీ కొలనులో పిల్లలకి ఈత నేర్పుతాడాయన. ఒంటరి మనిషి. కర్టెన్లు కావాలని దుకాణానికొచ్చాడు. ముందుగదికి చేపల బొమ్మల గుడ్డ ఎంచుకున్నాడు. కొలతలు చెబుతూ చెబుతూ, మీరు నవ్వితే బావుంటుందండీ అన్నాడు. ఆ రోజు కుట్టిన రెండు ముక్కల్లో ఒకదాంట్లో చేపలన్నీ తలకిందులుగా వచ్చాయి. ఇన్నేళ్ళ పనిలో కోడలు అలాంటి తప్పు చేసిందే లేదు. విప్పి మళ్ళీ కుట్టి ఇస్తానంటే వినలేదాయన.

"ఉండనివ్వండి. కొత్తగా ఈత నేర్చుకునేవాళ్ళంతా అలాగే ఈదుతారు."

తర్వాత లోపలిగదికి ఇంకో జత కావాలని వచ్చాడు. చుక్క వెలుతురు కూడా రాకూడదట, రెండు పొరలు వేయమన్నాడు. పగలు పడుకుంటాడు కాబోలనుకుని కోడలు కుట్టి ఇచ్చింది. మూడోసారి వచ్చినప్పుడు ఏమీ కొనలేదు. "ఆదివారం మధ్యాహ్నం ఇంట్లోనే ఉంటాను. కర్టెన్లు ఎలా వేలాడుతున్నాయో ఒకసారి వచ్చి చూడకూడదూ? చూశాక, నాతో ఉంటారో లేదో కూడా అప్పుడే చెబుదురు గాని" అన్నాడు, కింద ఉన్న గుడ్డ ముక్కల వైపు చూస్తూ.

వెళ్ళకూడదని నిశ్చయించుకుంది. వెళ్తే ఇంట్లో ఆ చీకటిగదిలో దీపం ముందు అత్తయ్య ఒక్కతే ఎర్ర దారమో నల్ల దారమో తెలీకుండా కుట్టుకుంటూ కూర్చుంటుంది.

ఇంటికెళ్ళే దారిలోనే ఫోటో స్టూడియో. ముసలి ఫోటోగ్రాఫరు దొరసానిని బూడిదరంగు తెర ముందు స్టూలు మీద కూర్చోబెట్టాడు.

"ఇది రేపటిది పడే పిల్లి కదమ్మా? అయితే ఇవాళ తీసినా, రేపు ఇదే వేళకి మళ్ళీ తీసుకొచ్చి ఈ తెర ముందే కూర్చోబెట్టాలి. లేకపోతే వెనకాల ఖాళీ రాదు."

"తెస్తాం" అన్నారిద్దరూ ఒకేసారి. తీసుకురావాలని నిజంగానే ఉంది ఇద్దరికీ.

ఫోటో బయటికొచ్చింది. ముసలాయన కళ్ళజోడు పైకి నెట్టుకుని చూశాడు.

"రేపు మీరు రారమ్మా."

తెర లేదు, స్టూలు లేదు. కిటికీ అంచున దొరసాని కూర్చుని ఉంది. దాని పక్కన కర్టెను. కర్టెను మీద చేపలు, పొట్టలు పైకి, రెక్కలు కిందికి. కోడలి చెవులు వేడెక్కాయి. ఫోటో లాక్కుందామని చెయ్యి చాపింది గానీ, అప్పటికే అది అత్త చేతిలో ఉంది.

అత్త చూసింది. కిటికీ దగ్గరికెళ్ళి మరీ చూసింది, వెలుతురు అంటే అంత పడని మనిషి. తర్వాత దాన్ని మడవకుండా చేతిసంచీలో పెట్టుకుంది.

"ఎవరిల్లే అది?"

"నాకేం తెలుసు అత్తయ్యా."

"నీ కుట్టు నాకు తెలీదా? సరేలే. ఎవరిదైతే మనకెందుకు. రేపు తిన్నగా ఇక్కడికే తెద్దాం" అంది అత్త.

ఆదివారం కోడలు తలంటుకుని వచ్చేసరికి అత్త లేదు. బుట్టా లేదు. ముందే స్టూడియోకి వెళ్ళిందేమోనని తడి తలతోనే పరిగెత్తింది. ముసలాయన తెర ముందు ఖాళీ స్టూలు చూపించాడు.

"నిన్ననే చెప్పాను కదా రారని. పొద్దున్నే వచ్చి, మీరు పనిచేసే కర్టెన్ల దుకాణం ఎటని అడిగి వెళ్ళారు పెద్దావిడ."

దుకాణం యజమాని షట్టరు సగం దించుకుంటున్నాడు. "మీ అత్తగారా? వచ్చారు. ఆ తలకిందుల చేపలవాడి అడ్రసు రాసి ఇచ్చాను. ఎందుకమ్మా, మళ్ళీ ఏమైనా తప్పు కుట్టావా?"

ఈత మాస్టారి వీధి మలుపు తిరగకముందే తుమ్ములు వినిపించాయి. ఒకటి కాదు, వరస. గుమ్మం తలుపు తీసే ఉంది. అత్త కుర్చీలో కూర్చుని టీ తాగుతోంది. కిటికీలో దొరసాని. కిటికీకి ఆనుకున్న అత్త మోచెయ్యి, దాని మీద ఎర్ర అతుకు. ఈత మాస్టారు గదికి ఆ చివర తువ్వాలుతో ముక్కు మూసుకుని నిలబడ్డాడు.

"రా, లోపలికి రా" అంది అత్త. "గుమ్మంలో నిలబడతావేం, పరాయిదానిలా."

"అత్తయ్యా, మీరిక్కడ…"

అత్త సంచీలోంచి ఫోటో తీసి ఇచ్చింది. కోడలు ఇప్పుడు సరిగ్గా చూసింది. నిన్న చేపల్ని చూసి కంగారుపడింది గానీ, ఆ మూల ఉన్నది చూసుకోలేదు. ఎర్ర అతుకు.

"నా చెయ్యే కదా అది" అంది అత్త. "నేను వస్తేనే కదా ఉంటుంది. నేను రాకపోతే ఆ ఫోటో అబద్ధమైపోదూ? ఆ పిల్లి ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. ఆ కుర్చీ ఫోటోలో కూడా చెప్పలేదు. మనమే చూసి చూడనట్టు నవ్వేసుకున్నాం."

కోడలు ఫోటోని ఆ కిటికీకి ఎదురుగా పట్టి పోల్చి చూసింది.

ఈత మాస్టారు ఇంకో రెండు తుమ్మి, "నాకు పిల్లులు పడవండి. కొలనులో మందు నీళ్ళకి కూడా మొదట్లో ఇలాగే ఉండేది. అలవాటైపోతుంది" అన్నాడు.

"పడదని ముందే చెప్పాడు. అయినా బుట్ట బయట పెట్టమనలేదు" అంది అత్త కోడలితో, ఆయన అక్కడ లేనట్టే. "చేపలు మాత్రం విప్పి తిరగెయ్యనిమ్మంటే ఒప్పుకోడు. మొండి. ఆ లోపలిగది చూశావా? మిట్టమధ్యాహ్నం తలుపు తీస్తే ఎంత హాయిగా ఉందో! ఒక్క చుక్క ఎండ లేదు. కాసేపు అక్కడే కూర్చున్నా. తల నొప్పే లేదు. ఎవరి కోసం కట్టించాడో గానీ, మహానుభావుడు."

కోడలు ఈత మాస్టారి వైపు చూసింది. ఆయన తువ్వాలు సవరించుకుంటున్నాడు. ఎప్పుడో కొలతలు రాసుకుంటూ, మా అత్తయ్యకి వెలుతురు పడదండీ, కిటికీకి కంబళి కట్టుకుంటుంది అని మాటవరసకి అంది తను. అంతే అంది. రెండు పొరల గుడ్డ ఆ మర్నాడే కొన్నాడు.

"ఫోనిలా ఇవ్వు" అంది అత్త.

"ఎందుకు?"

"లైసెన్సుకి ఫోటో వద్దూ?"

కోడలు ఇచ్చింది. అత్త ఫోను ఎటు పట్టుకోవాలో తెలియక రెండుసార్లు తన ముక్కుకే గురిపెట్టుకుంది. తర్వాత దొరసాని వైపు తిప్పి నొక్కింది. నొక్కి, కళ్ళు మూసుకోకుండా చూసింది. ఫోటోలో దొరసాని ఒక బల్ల మీద ఉంది. వెనకాల ఖాళీ గోడ. మెడలో కొత్త బిళ్ళ. పక్కన సిరా అంటిన బొటనవేలు.

"ఇచ్చేస్తుందన్నమాట రేపు, ఆ మహాతల్లి" అంది అత్త.

"ఎవరి పేరు మీద?" అన్నాడు ఈత మాస్టారు.

అది ఫోటోలో లేదు.

సోమవారం ఆఫీసులో లైను గేటు దాకా ఉంది. జనం తోసుకుంటున్నారు. నిన్న ఫోటో తీసిన వేళకి బల్ల దగ్గరికి చేరతామని ముందే తెలుసు గనక వీళ్ళిద్దరికీ తొందర లేదు. అత్త మాత్రం లైను కదిలినప్పుడల్లా బుట్ట ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటోంది. రాత్రి ఇంట్లోనే చెప్పేసింది ఆవిడ: పిల్లి అమ్మాయి పేరునే, అమ్మాయితోనే వెళ్ళాలి. తనకేం, స్వెటర్లున్నాయి.

బల్ల వెనకావిడ ఫోటో చూసింది. అందులో తన బొటనవేలు చూసుకుంది, తర్వాత అసలుది చూసుకుంది.

"గోడ ఖాళీగానే ఉంది" అంది. "యజమాని పేరు తేలిందా?"

"దీని పే…" అని అత్త మొదలెట్టేలోపే, కోడలు అత్త పేరు చెప్పేసింది.

అత్త బుట్ట పిడి గట్టిగా పట్టుకుంది. ఒప్పుకున్నట్టే తల ఊపింది గానీ, మొహం మాత్రం గుమ్మంలో కొడుకు చెప్పులు చూసిన రోజులా అయిపోయింది.

"చిరునామా?"

కోడలు చెప్పింది. వీధి, మలుపు, ఇంటి నంబరు. ఈత మాస్టారి ఇల్లు.

బల్ల వెనకావిడ రాయబోయి ఆగింది. "యజమాని ఎక్కడుంటే ఆ చిరునామానే ఇవ్వాలమ్మా. ఈవిడ అక్కడ ఉంటున్నారా?"

"ఉంటారు" అంది కోడలు. "లోపలిగది ఆవిడదే. ఆవిడ కోసమే కట్టించాడు ఆ కర్టెన్లు. నేనే కుట్టాను, నాకు తెలీలేదు."

అత్త బుట్టలో చెయ్యి పెట్టి దొరసాని మెడ నిమిరింది. వెనకాల ఎవరో, కుక్క మొరుగుతోంది, త్వరగా కానివ్వండి అన్నారు.

"అంత తుమ్మితే నాకు నిద్ర పడుతుందటే?" అంది చివరికి.

"తలుపు వేసుకోండి."

"పెద్దమ్మగారూ" అంది బల్ల వెనకావిడ, కలం పట్టుకుని, "రాయమంటారా, వద్దా?"

అత్త స్వెటరు చెయ్యి కిందికి లాక్కుంది. ఎర్ర అతుకు బల్ల అంచుకి తగిలింది.

"రాయమ్మా" అంది. "చేపలు తలకిందులుగా ఉన్న ఇల్లు అని కూడా రాయి, వెతుక్కోకుండా ఉంటుంది."