తులసమ్మ పొయ్యి మీద చైనా కషాయం

1926లో రంగూన్‌లోని అహ్లోన్ బియ్యం మిల్లు వెనక కూలీల లైన్లలో మా పక్క గది తులసమ్మది. ఆవిడ కొడుకు దేముడు మిల్లులో మేస్త్రీ. కేకేస్తే కూలీలంతా హడలిపోతారు, తల్లి కసిరితే మాత్రం పిల్లిలా మూల కూర్చుంటాడు. అతని భార్య వీరలక్ష్మికి నెలనెలా ముట్టుతోపాటు జ్వరం వచ్చేది. వెనక వసారాలో గోనెపట్టా మీద మూలుగుతూ పడి ఉండేది. చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది.

ఒంట్లో బాగున్న రోజు చూసి, ఆమెను ట్రాం ఎక్కించి చైనావాళ్ళ వీధికి తీసుకెళ్ళాను. అక్కడి వైద్యుడు నాడి చూశాడు, నాలుక చూశాడు. జ్వరం ముట్టుకు ముందొస్తుందా, తర్వాతొస్తుందా అని బర్మా భాషలో అడిగాడు. ఇన్నేళ్ళ కాపురంలో దేముడు అడగని ప్రశ్న అది. వేళ్ళు, బెరళ్ళు పొట్లం కట్టి, జ్వరం తగిలిన రోజే కాచి వెచ్చగా తాగమన్నాడు.

ముట్టూ వచ్చింది, జ్వరమూ వచ్చింది. పొట్లం మాత్రం అటక దిగలేదు. బయట ఉన్న మనిషి పొయ్యి దగ్గరికి రాకూడదు. తులసమ్మేమో పొట్లం ముట్టదు.

"సీనావోడి ఏళ్ళు నా పొయ్యి మీదెట్టనే! అందులో ఏ బల్లి తోకుందో!"

"పోనీ, నాను కాసి తెస్తానత్తా."

"మీ ఇంట కాసింది మా కోడలు తాగడమేటి? మీ కులమేటి, మా కులమేటి!"

స్టీమరు డెక్కు మీద ఎవరి కంచం పక్కన కంచం పెట్టుకుని రంగూన్ చేరిందో ఆ మహాతల్లికి గుర్తు లేదు. దేముణ్ణి అడిగితే, "మగోణ్ణి, నానేటి కాస్తాను" అని మిల్లుకు పోయాడు. వీరలక్ష్మి స్నానం చేసి ఇంట్లోకి వచ్చేసరికి జ్వరం దానంతటదే పోయింది. "జొరం నేకపోతే మందెందుకు?" అంది తులసమ్మ.

మరుసటి నెల వసారా ఖాళీగా కనిపించింది. కంగారుగా లోపలికి వెళ్ళాను. వీరలక్ష్మి నట్టింట చాప మీద ఉంది, ఒళ్ళు కాలిపోతోంది. తులసమ్మ పొయ్యి ఊదుతోంది. కుండలో చైనావాడి వేళ్ళు కుతకుత ఉడుకుతున్నాయి.

"నెల తప్పిందే అమ్మీ!" అంది, పొగకు కళ్ళు తుడుచుకుంటూ. "మనవడికేటైనా అయితే? ఏ మందైతే ఏటి!"

ముట్టుమనిషికి పనికిరాని పొయ్యి మనవడికి పనికొచ్చింది. కోడలి తల ఒళ్ళో పెట్టుకుని, ఊదిఊది ఆవిడే తాగించింది. ఆవిడ అటు వెళ్ళగానే వీరలక్ష్మి చెవిలో అడిగాను.

"నిజమేనేటే?"

"నేదప్పా, అబద్దమాడాను. పొద్దున్నే ముట్టయ్యాను."

ఆ పూట నుంచే జ్వరం దిగడం మొదలైంది. రెండు పూటలయ్యేసరికి లేచి కూర్చుంది. తులసమ్మ నీళ్ళకు వెళ్ళినప్పుడు మళ్ళీ అడిగాను.

"తెలిస్తే సంపేస్తాదే. ఏటి సెప్తావు?"

"నిజమే సెప్తాను. జొరంలో దెబ్బలాడే ఓపిక నేకపోయింది, ఇప్పుడుంది. ముట్టుమనిషిని ఒళ్ళో ఎట్టుకుంది, అదే సేత్తో వొండింది, అందరూ తిన్నారు. ఇల్లేటైనా కూలిందా అని అడుగుతాను."