కూరేదో గడ్డేదో

నేను ఒక మందుపంపును. వీపుకు తగిలించుకునే నీలం డబ్బా, ఎడమ చేతికి పిడి, కుడి చేతికి గొట్టం, గొట్టం చివర మందు చిమ్మే మూతి. ఇంతే నా ఒళ్ళు. మనుషుల భాష నాకు మొదటినుంచీ నవ్వు తెప్పిస్తుంది. జ్వరానికి మింగేదీ మందే, సాయంత్రం గ్లాసులో పోసుకునేదీ మందే, నా కడుపులో కలిపే విషమూ మందే.

ఏ ఊరి ఫ్యాక్టరీలో నన్ను అచ్చు పోశారో గుర్తులేదు. నిర్మల్‌లో ఒక విత్తనాల దుకాణం ముందు, నాలాంటి పంపులతో కలిసి తాడుకు వేలాడుతూ కొన్నాళ్ళు ఎండాను. అక్కడినుంచి భోజన్న అనే రైతు నన్ను సోయా విత్తనాల సంచులతోపాటు ఆటోలో ఇంటికి తెచ్చాడు.

అంతకుముందు అతని చేనులో జొన్న వేసేవారట. జొన్నలో కందులు, పెసలు, సందుల్లో ఎవరూ విత్తకుండానే మొలిచే ఆకుకూరలు. తర్వాత ఊరు ఊరంతా సోయాకు మళ్ళింది. విచిత్రం ఏమిటంటే, సోయా పండించే ఆ ఊళ్ళో సోయా తినేవాళ్ళు నాకు ఒక్కరూ కనబడలేదు. గింజ లారీ ఎక్కి నూనె మిల్లుకు పోతుంది, నూనె తీయగా మిగిలిన పిండి కోళ్ళఫారాలకు పోతుంది. పట్నంలో కోడికూర తినే నోళ్ళు పెరిగేకొద్దీ ఇక్కడ జొన్నచేలు మాయమయ్యాయి. నన్ను కడిగిన నీళ్ళు వాగులోకి పోయేవి. వాగులో చేపలు ఏమయ్యాయో నన్ను అడగొద్దు.

జొన్న వేసే రోజుల్లో కలుపు ఆడవాళ్ళు తీసేవారు. భోజన్న తల్లి ముత్తెవ్వ పనికిరాని గడ్డిని గట్టు మీదికి విసిరి, చెంచలికూరను, తుమ్మికూరను కొంగులో వేసుకునేదట. కలుపు తీసే చెయ్యే కూర వండేది కాబట్టి, ఏది ఎటు పోవాలో ఆ చేతికి తెలుసు. నేను వచ్చాక ఆ పని మగవాడి వీపు మీదికి మారింది. సోయా తప్ప చేనులో పచ్చగా ఉన్నదంతా నాకు ఒకటే. పదిమంది ఆడవాళ్ళు రోజుల తరబడి చేసే పనిని ఒక్కరోజులో ముగిస్తానని మొదట్లో గర్వపడ్డాను కూడా.

పోయిన వానాకాలం భోజన్న భార్య రజితకు ఆరో నెల. పెళ్ళయిన ఏడేళ్ళకు నిలిచిన కడుపు. నర్సమ్మ వచ్చి రక్తం పరీక్ష చేసి, "ఏం రక్తమమ్మా ఇది, నీళ్ళోలె ఉన్నది! దినాం ఆకుకూర తినాలె" అని కోప్పడింది. ముత్తెవ్వ ఆ మాట గట్టిగా పట్టుకుంది. కూర కోసం చేను చేనూ తిరిగింది. కానీ ఊరంతా నన్ను అరువు తీసుకునేది. నేను తిరిగిన చేనులో ఆమెకు ఏం దొరుకుతుంది?

ఒక మధ్యాహ్నం ముత్తెవ్వ కొంగు నిండా చెంచలికూరతో వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. "మన చేన్లనే దొరికింది బిడ్డా, వాగు పక్కన. ఎంత లేతగున్నదో చూడు!" అంది. వసారాలో మేకుకు వేలాడుతున్న నాకు గుండెంటూ ఉంటే ఆగిపోయేది. భోజన్న ఆ పూట ఇంట్లో లేడు. ముందురోజే అతనూ నేనూ అక్కడ గడ్డిమందు కొట్టి వచ్చాం. ఆ మందు తాగిన ఆకు రెండు రోజులదాకా వాడిపోదు, పచ్చగానే ఉంటుంది. భోజన్న ఎవరెవరి చేలకో నన్ను మోసుకుపోతుంటాడు కాబట్టి, ముందురోజు మేం వెళ్ళడం చూసినా తల్లికి అనుమానం రాలేదు. అతను దాచాలనుకోలేదు. గడ్డికి మందు కొట్టిన సంగతి కూడా ఆడవాళ్ళకు చెప్పాలా అని ఊరుకున్నాడు, అంతే. నాకు మూతి ఉంది కానీ, మాట లేదు.

ముత్తెవ్వ తాను ముట్టకుండా గిన్నెడు కూరా కోడలికే వడ్డించింది. సాయంత్రానికి వాంతులు మొదలయ్యాయి. మూడో రోజు ఆసుపత్రిలో కడుపు పోయింది. అసలే రక్తం లేని మనిషి, కారణం ఇదీ అని చెప్పలేమన్నాడు డాక్టరు. ఊరు మాత్రం ఒక్క పూటలో తేల్చేసింది. ముసల్దానికి చూపు ఆనక ఏదో పిచ్చి ఆకు తెంపుకొచ్చిందని అన్నారు. ముత్తెవ్వ కూడా అదే నమ్మింది.

ఆసుపత్రి నుంచి వచ్చాక భోజన్న వాగు పక్కకు వెళ్ళాడు, నేను అతని వీపునే ఉన్నాను. అక్కడ చెంచలికూర పసుపెక్కి వాలిపోయి ఉంది. ప్రతి మొక్కకూ తల తెంపిన గుర్తు. అతను నన్ను దించి, గట్టు మీద కూలబడి, వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇంటికి పోయి ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఈ ఏడు మళ్ళీ సోయా మొలిచింది. నిన్న పొద్దున నన్ను ఎత్తుకుంటూ, "అవ్వా, ఇయ్యాల మన చేన్ల మందు కొడ్తున్న. కూర తెంపకు" అన్నాడు.

"నేనెందుకు తెంపుత కొడుకా? నా కండ్లు వోయినయి గదా. నా చేతులతోనే నీ బిడ్డను పొట్టన పెట్టుకుంటి" అంది ముత్తెవ్వ.

భోజన్న గడపలో ఆగిపోయాడు. ఇప్పుడు చెప్తాడు అనుకున్నాను.

"పోనీ తియ్యే అవ్వా. నువ్వు కావాలని చేసినవా?" అన్నాడు.

ముత్తెవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఇంత మంచి కొడుకును ఇచ్చినందుకు దేవుడికి మొక్కింది.