రాయిస్ టాల్బట్ మోకాలు

నా భర్త వెర్లిన్ హాచర్ ఎవరినీ పగబట్టి కొట్టిన మనిషి కాదు. అయినా మా టెనెస్సీ కొండల్లో అతని పేరెత్తితే ముసలమ్మలు కూడా మొహం తిప్పుకునేవారు. రాయిస్ టాల్బట్ మోకాలు విరగ్గొట్టింది అతనేనని అందరి నమ్మకం.

రాయిస్ మా వైపు కుస్తీ ఛాంపియన్. సోమవారం సాయంత్రాలు ఊళ్లో సైనికుల పాత భవనం, ఆర్మరీ హాల్లో పోటీలు జరిగేవి. బంగారు రంగు జుట్టు వెనక్కి దువ్వి, నీలం పట్టు కోటు భుజాన వేసుకుని అతను నడిచి వస్తుంటే, పొద్దంతా బట్టల మిల్లులో నిలబడి కాళ్లు పీక్కుపోయిన ఆడవాళ్లు బెంచీలెక్కి అరిచేవారు. అతను చెయ్యెత్తితే హాలు నోరు మూసుకునేది. దించితే పైకప్పు ఎగిరిపోయేది. బరిలో వెర్లిన్‌ది దుర్మార్గుడి వేషం. ఎవరు గెలవాలో పోటీలు నడిపే ప్రమోటర్ డెల్బర్ట్ మధ్యాహ్నమే చెప్పేసేవాడు. ఆ సంగతి పొక్కితే అందరి పొట్టా కొట్టినట్టే కాబట్టి, బయట రాయిస్, వెర్లిన్ ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు కాదు. నిజానికి ప్రాణస్నేహితులు. మా ఇంటికి రావాలంటే రాయిస్ వెనక పొగాకు చేలల్లోంచి వచ్చేవాడు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. రాయిస్‌కు కుస్తీ పట్లు పెద్దగా తెలియవు. అతను విసిరినట్టు కనబడాలంటే ఎగరాల్సింది వెర్లినే. గుద్దినట్టు కనబడాలంటే కుప్పకూలాల్సిందీ వెర్లినే. ఆ నడుం నొప్పికి నేను ఎన్ని ఏళ్లు మందు రాశానో దేవుడికి తెలుసు.

డెబ్బై నాలుగు వేసవిలో రాయిస్ తన గాదె కప్పు బాగుచేస్తూ నిచ్చెన మీంచి పడ్డాడు. మోకాలి చిప్ప పగిలింది. ఛాంపియన్ నిచ్చెన జారి పడ్డాడంటే జనం నవ్వుతారని డెల్బర్ట్‌కు దిగులు పట్టుకుంది. రాయిస్‌కు అంతకంటే ఎక్కువ. ఇద్దరూ కలిసి ఒక ఉపాయం ఆలోచించారు. ఆ శనివారం టీవీలో, నొప్పి మాత్రలు మింగించి, కట్టు కనబడకుండా ప్యాంటు తొడిగి రాయిస్‌ను మైకు ముందు నిలబెట్టారు. వెర్లిన్ వెనకనుంచి వచ్చి ఇనప కుర్చీతో కొట్టాడు. కుర్చీ తగిలింది నేలకి. కిందపడుతూ రాయిస్ పెట్టిన కేక మాత్రం నిజమైనదే, కాలు ముందే విరిగి ఉంది కదా.

కాలు నయమయ్యాక రాయిస్ పగ తీర్చుకోవాలి, వెర్లిన్ చిత్తుగా ఓడిపోవాలి, లెక్క సరిపోవాలి. అనుకున్నది అది. కాలు నయం కాలేదు. ఆ పోటీ జరగనే లేదు. నేరం చేసి శిక్ష తప్పించుకున్నవాడిలా మిగిలిపోయాడు నా మొగుడు. మా కారు టైర్లు కోశారు. మంగలి లెస్టర్ షాపులో ఈగలు తోలుకుంటూ కూడా ఖాళీ లేదన్నాడు. చర్చిలో మా పక్కన కూర్చున్నవాళ్లు లేచి వెనక్కి వెళ్లిపోయారు. నిజం చెప్పెయ్యమని నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

"రాయిస్‌కి మాటిచ్చానే," అనేవాడు. అక్కడితో సరి.

తర్వాత కుస్తీ కంపెనీ మూతపడింది. వెర్లిన్ కంకర లారీ తోలాడు. రాయిస్ కార్లు అమ్మాడు. కుంటుతూ ఎదురొచ్చి చెయ్యి కలిపితే కొనకుండా ఎవరు వెళ్తారు? ఏటా కౌంటీ సంతలో మైకు పట్టుకుని ఆ కథే చెప్పేవాడు. ఏటేటా కుర్చీ బరువు పెరిగేది.

రాయిస్ పోయిన ఏడాదికి ఆర్మరీకి అతని పేరు పెట్టారు. గుమ్మం పక్కన కంచు పలక బిగించారు. "వెర్లిన్ హాచర్ ద్రోహానికి బరి వీడినా, మా గుండెలు వీడని ఛాంపియన్" అని దాని మీద చెక్కారు. పైగా ఆవిష్కరణకు మమ్మల్ని పిలిచారు.

నేను తిన్నగా రాయిస్ భార్య విల్మా జీన్ దగ్గరికి వెళ్లాను. నిచ్చెన దగ్గర్నుంచి అతన్ని ఇంట్లోకి మోసుకొచ్చింది ఆమే. ఆ ఒక్క ముక్క జనానికి చెప్పమన్నాను. ఆమె నాకు కాఫీ పోసింది.

"చచ్చిపోయినాయన్ని ఇప్పుడు నిచ్చెన మీంచి పడెయ్యమంటావా ఒలీటా?" అంది.

"మరి బతికున్నాయన సంగతో?" అన్నాను.

నేను కాఫీ ముట్టకుండా వచ్చేశాను.

ఆ రోజు హాలు నిండింది. కుస్తీలో గెలుపోటములు ముందే రాసుకుంటారని ఇప్పుడు పసిపిల్లలకు కూడా తెలుసు. రాయిస్ మోకాలు మాత్రం నిజం అంటారు. మేయరు పలక చదువుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. లేచి నిలబడ్డాను. గట్టిగానే చెప్పాను.

"ఈయన ఎవరి మోకాలూ విరగ్గొట్టలేదు. రాయిస్ గాదె మీంచి పడ్డాడు. విల్మా జీన్‌కి తెలుసు, అడగండి."

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె తల వంచుకుని చేతిసంచి సర్దుకుంది. అప్పుడు వెనకనుంచి మంగలి లెస్టర్ పకపకా నవ్వాడు.

"చూశార్రా, మొగుడు సరిపోలేదని పెళ్లాన్ని కూడా నాటకంలోకి దింపాడు. వీడి దొంగబుద్ధి ఎక్కడికి పోద్ది?"

హాలంతా నవ్వులు. ఆ వెంటనే మొదలైంది, బరిలో వెర్లిన్‌ను చూడగానే చేసే పాతకాలపు ఆ వెక్కిరింత. జనం కాళ్లతో నేల దంచుతూ బూ అని అరుస్తుంటే ముసలి మొహాల మీద వయసు కనబడలేదు. నేను వెర్లిన్ చెయ్యి పట్టుకున్నాను. ఇప్పుడైనా ఒక్క మాట చెబుతాడని ఎదురుచూశాను.

అతను నా చెయ్యి విడిపించుకున్నాడు. నొప్పి నడుముతోనే నిటారుగా లేచి, లెస్టర్ వైపు వేలు చూపించాడు.

"నోర్ముయ్ రా బోడిగుండూ. రెండో మోకాలు కూడా విరగ్గొట్టి పంపాల్సింది వాణ్ణి."

పాత దుర్మార్గుడు తిరిగొచ్చాడని హాలు ఊగిపోయింది. కొందరు ఏడుస్తూ అరిచారు. విల్మా జీన్ కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

తిరిగి వస్తుంటే కారు నేనే నడిపాను. వాళ్ల మొహాలు చూశావా అని వెర్లిన్ అడిగాడు. చూశానన్నాను. వాళ్లు అంత సంతోషంగా ఉండి ఎన్నాళ్లయిందో అన్నాడు.

"టైర్లు కోసిన రోజు రాత్రంతా ఏడ్చింది నేను వెర్లిన్," అన్నాను. "దానికి ఎవరు చప్పట్లు కొడతారు?"

అతను నా భుజం మీద చెయ్యి వేశాడు. తీసెయ్యమన్నాను.

పలక మార్చమని తర్వాత రెండుసార్లు మేయరు ఆఫీసుకి వెళ్లాను. రెండుసార్లూ నన్ను గౌరవంగా కూర్చోబెట్టి, ఆ రోజు భలే నటించారు అని మెచ్చుకున్నారు. లెస్టర్ ఇప్పుడు వెర్లిన్‌కు ఉచితంగా క్షవరం చేస్తున్నాడు. ఇద్దరూ అరుగు మీద కూర్చుని గంటల తరబడి రాయిస్ గురించి చెప్పుకుంటారు. నేను కాఫీ ఇచ్చి లోపలికి వచ్చేస్తాను.