దేనికి సరే అన్నాడు

భార్య చివరి మాటను పోగొట్టింది బావమరిదే. ఇందులో వాదనకు చోటు లేదు.

ఆ రోజు వాన. ఆసుపత్రి గదిలో కిటికీ సగం తెరిచి ఉంది. జల్లు సన్నగా లోపలికి... మంచం అంచు దాకా.

ఆమె పెదవులు కదిలాయి. అతను చెవి ఆనించాడు. విన్నాడు. స్పష్టంగా విన్నాడు.

సరే అన్నాడు.

అప్పుడే గుమ్మం దగ్గర్నుంచి బావమరిది — "బావా, బండి తాళం ఎక్కడ పెట్టావ్?"

"చొక్కా జేబులో చూడు."

అంతే. ఇటు తిరిగేసరికి బుర్రలో ఆ మాట లేదు. కాసేపటికి ఆమె కూడా లేదు.

అతను వడ్రంగి. కొలత చూస్తాడు. దాన్ని నోట్లో నములుతూ చెక్క దగ్గరికి వస్తాడు. పెన్సిలు గీత పడేదాకా ఎవరు పిలిచినా పలకడు. పలికాడా... కొలత పోయినట్టే. దోసిట్లో నీళ్ళు. వేలు సడలితే నేలపాలు. మళ్ళీ టేపు పట్టాలి.

పోయిన మనిషికి మళ్ళీ టేపు పట్టడం ఎలా?

గీత పడింది మాత్రం పోదు. బండి తాళం ఎక్కడ పెట్టావ్ — అది పడింది. లోతుగా. ఆ గొంతు, ఆ తొందర, వెనకే చిన్న దగ్గు. నిద్ర లేస్తే అదే. చిత్రిక పడుతుంటే అదే.

ఉండాల్సింది పోయింది. పోవాల్సింది ఉండిపోయింది.

దేనికి సరే అన్నాడు? ఏదైనా చెయ్యమందా... వద్దందా... ఇచ్చిన మాట ఏదో తెలియకుండానే, రోజూ మాట తప్పుతూ బతుకుతున్నాడు.

మళ్ళీ వానలు. దుకాణం రేకుల మీద ఒకటే మోత. బావమరిది గొడుగు ముడుస్తూ వచ్చాడు.

"గుమ్మం దగ్గరే ఆగు. రంపప్పొట్టు తడుస్తుంది."

"పొట్టు మీదున్న ప్రేమ నా మీద లేదు బావా నీకు."

"పొట్టు ప్రశ్నలడగదు."

బావమరిది నవ్వలేదు. గొడుగు కొస నుంచి కారుతున్న నీళ్ళనే చూశాడు.

"అక్క మాట నేనూ విన్నాను బావా. కిటికీ వెయ్యమంది. జల్లు పడుతోందట. అంతే."

చిత్రిక ఆగింది.

"ఇన్నాళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్నావ్?"

"చెప్పనిచ్చావా? నన్ను చూస్తే చాలు, మొహం తిప్పుకున్నావ్."

నిజమో. జాలిపడి అల్లాడో. గుమ్మం దాకా వినిపించేంత గొంతు ఉందా, ఆమెకు ఆ రోజు?

ఆ సాయంత్రం ఆ మాటను నోట్లో వేసుకుని చూశాడు. కిటికీ వెయ్యి. బావమరిది గొంతులోనే వచ్చింది. తుపుక్కున ఊశాడు.

వాన తగ్గలేదు. మాట పోలేదు.

కొన్నాళ్ళకు — ఆమె గొంతులో వచ్చింది. ఆమె పెదవులు ఆ మాటకు తగ్గట్టే కదిలాయి. జల్లు చల్లగా చెంపకు తగిలింది.

అతనికి భయం వేసింది.

ఇక అసలు మాట తిరిగొచ్చినా దానికి చోటు లేదు. గీత మీద గీత. ఏది ముందు పడిందో, ఎంత తేరిపార చూసినా తెలియదు. ఒకసారి పోగొట్టినవాడే... రెండోసారీ పోగొట్టాడు.

దుకాణం కిటికీ సగం తెరిచి ఉంది. జల్లు సన్నగా లోపలికి... పొట్టు దాకా.

వేస్తే, నమ్మినట్టు. వెయ్యకపోతే, మళ్ళీ మాట తప్పినట్టు.

పొట్టు తడుస్తోంది. అతను లేవలేదు.

ఎందుకు లేవలేదని ఎవరైనా అడగొచ్చు. అడగనీ. ఈ సంగతి అతను ఇక ఎత్తడు. బావమరిది దగ్గర ఎత్తడు, ఎవరి దగ్గరా ఎత్తడు — కట్టె కాలేదాకా.